పంపమహాకవి జీవితము – జన్మస్థల విచారము

కన్నడ సాహిత్యమున ఆదికవిగా మన్ననలందిన పంపడు తన కవితకు నెలవు చేసికొన్నది తెలుగునేలను. అతని పోషకుడైన రెండవ అరికేసరికి రాజధాని వేములవాడ. అది నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉన్నది. కరీంనగరము నుండి జగిత్యాలకు పోవు మార్గమున, గంగాధర మండలమునందలి కురిక్యాల సమీపమున బొమ్మలగుట్ట కలదు. పంపని తమ్ముడు జినవల్లభుడు ఆ కొండరాతిపై సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో వేయించిన శాసనము నేటికిని నిలిచి ఉన్నది. ఒక భాషకు ఆదికవి అయిన అన్న, మరొక భాషలో లభించిన తొలి కందపద్యములను రాతికెక్కించిన తమ్ముడు ఒకే ఇంటివారగుట దక్షిణదేశ సాహిత్యచరిత్రలో అరుదైన విషయము.

ఇంతటి కవి ఎక్కడ జన్మించెనను ప్రశ్నకు గ్రంథములు ఏకకంఠముగా సమాధానము చెప్పవు. కొందరు వేంగినాటి వంగిపర్రు అందురు. కొందరు ధార్వాడ ప్రాంతమునందలి అణ్ణిగెరె అందురు. బనవాసి అనువారు మరికొందరు. ఈ మూడింటికిని ఆధారములు లేకపోలేదు. ఆధారములు ఉండుటయే ఇచ్చటి చిక్కునకు మూలము. ఒక్కొక్క ఆధారము నిజముగా ఏమి చెప్పుచున్నది, దేనిని చెప్పుటలేదు అని విడదీసి చూడక, ఊరిపేరు కనబడినచోటనెల్ల దానిని జన్మస్థలముగా గ్రహించుటవలన ఈ సందిగ్ధత ఏర్పడినది. పంపని జీవితమును ఆద్యంతము పరిశీలించినచో ఆ ఊళ్ళలో ప్రతిదానికిని అతని వంశచరిత్రలో ఒక స్థానము ఉన్నదనియు, ఆ స్థానములు వేరువేరనియు స్పష్టమగును.

ఆధారములు

పంపని జీవితమునకు ఆధారములు ప్రధానముగా మూడు విధములు. మొదటివి అతని రెండు కావ్యములయిన ఆదిపురాణ, విక్రమార్జునవిజయములలోని స్వవిషయములు. రెండవది జినవల్లభుని కురిక్యాల శాసనము. మూడవవి వేములవాడ చాళుక్యుల శాసనములు, వానిలో ముఖ్యముగా అరికేసరి వేములవాడ శాసనమును, క్రీ.శ. 966 నాటి పర్భణీ తామ్రశాసనమును. కావ్యములు కవి స్వయముగా చెప్పుకొన్నవి. శిలాశాసనము తోడబుట్టినవాడు వ్రాయించినది. రాజశాసనములు పోషకవంశమునకు సంబంధించినవి. ఈ మూడింటి ప్రయోజనములు వేరు. కవి తన వంశగౌరవమును చెప్పదలచినాడు. తమ్ముడు ధర్మకార్యమును, దానిని చేసిన తన కులగోత్రములను నమోదు చేయదలచినాడు. రాజు తన పరాక్రమమును, దానములను ప్రకటింపదలచినాడు. వీరిలో ఎవ్వరును జన్మస్థలమును తెలుపుటకు పూనుకొన్నవారు కారు.

లూయీ రైసు పంపభారతమును 1898లో ప్రకటించిన తరువాత పండితలోకమునకు పంపని వంశకథనము అందుబాటులోనికి వచ్చినది. ఆనాటికి కురిక్యాల శాసనము వెలుగు చూడలేదు. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధమున ఆ శాసనపాఠము వెలువడినది. తల్లి పేరును, ఆమె పుట్టినింటి ఊరును, తమ్ముని వృత్తాంతమును శాసనమువలననే తెలిసినవి. అందువలన పంపని గూర్చి శాసనమునకు ముందు వ్రాయబడిన గ్రంథములను, తరువాత వ్రాయబడిన వానిని ఒకే తరగతికి చెందిన ప్రమాణములుగా గ్రహింపరాదు. పూర్వగ్రంథములలోని ఊహలు తరువాతి గ్రంథములలో నిర్ణయములుగా మారిన సందర్భములు కలవు.

వంశక్రమము

విక్రమార్జునవిజయము ప్రకారము పంపని వంశమునకు మూలపురుషుడు మాధవ సోమయాజి. వేంగిమండలమునందలి వెంగిపళు అను అగ్రహారము ఆ వంశమునకు నెలవు. ఈ సందర్భమున వసంతము, కొట్టూరు, నిడుగుంది, విక్రమపురము అను అగ్రహారముల పేర్లును కావ్యమున కనబడును. మాధవ సోమయాజి యజ్ఞములు చేసిన శ్రోత్రియ బ్రాహ్మణుడు. అతని కుమారుడు అభిమానచంద్రుడు, మనుమడు కొమరయ్య. కొమరయ్య కుమారుడు అభిరామదేవరాయడు. అతడే పంపని తండ్రి. వైదిక కర్మనిష్ఠులైన ఆ వంశమున జైనధర్మమును స్వీకరించినవాడు అభిరామదేవరాయడు. కులమున బ్రాహ్మణుడు, ధర్మమున జైనుడు అయిన తండ్రి వారసత్వము పంపని రెండు కావ్యములలోను ప్రతిఫలించినది. ఆదిపురాణము జినచరితము. విక్రమార్జునవిజయము వ్యాసభారత కథ.

కురిక్యాల శాసనము ఇదే వంశమును మరొక విధముగా చెప్పుచున్నది. అందు జినవల్లభుడు వేంగినాటిలోని కమ్మనాటికి చెందిన వంగిపర్రు వాడు, జమదగ్ని పంచార్షేయ ప్రవర కలవాడు, శ్రీవత్సగోత్రుడు, అభిమానచంద్రుని వంశమువాడు, భీమపయ్య కుమారుడు. తల్లి అబ్బణబ్బె. ఆమె బెళ్వొల దేశమునందలి అణ్ణిగెరెకు చెందిన జోయిస సింఘని మనుమరాలు.

ఈ రెండు ఆధారములను పోల్చినపుడు మొదటి చిక్కు తండ్రి పేరునందే ఎదురగును. కావ్యమున అభిరామదేవరాయడు, శాసనమున భీమపయ్య. పేర్లు వేరైనంత మాత్రమున వ్యక్తులు వేరని చెప్పుటకు వీలులేదు. అభిమానచంద్రుని పేరు రెండింటను ఉన్నది. వేంగినాటి గ్రామము రెండింటను ఉన్నది. నిడుగుంది అను గ్రామనామము శాసనమున అభిమానచంద్రునితో ముడిపడి మరల కనబడుచున్నది. పంపడు తన అన్న అని జినవల్లభుడే ప్రకటించినాడు. కావున భీమపయ్య వాడుక పేరు, అభిరామదేవరాయడు గౌరవనామము అని గ్రహించుట యుక్తము. వంశవృక్షములను కూర్చువారు పేరొక్కదానిని పట్టుకొనక, తాత, గోత్రము, గ్రామము, సోదరులు అను నాలుగింటిని కలిపి చూడవలెనను నియమమునకు ఇది చక్కని నిదర్శనము.

వెంగిపళు, వంగిపర్రు అను రెండు రూపములు ఒకే ఊరికి చెందినవి. మొదటిది కన్నడ కావ్యపు ఉచ్చారణకు ఒదిగిన రూపము. రెండవది తెలుగు గ్రామనామములలో తరచుగా కనబడు పర్రు అను ఉత్తరపదము గల రూపము. కమ్మనాడు కృష్ణానదికి దక్షిణమున గుంటూరు, ఒంగోలు ప్రాంతముల నావరించిన ప్రాచీనమైన నాడు. ఆ ప్రాంతమునందలి వంగిపురమే వంగిపర్రు అని పలువురు పరిశోధకుల అభిప్రాయము. కొట్టూరు, నిడగుంది వంటి పేర్లుగల ఊళ్ళు కర్ణాటకమునను ఉన్నవి. ఆ పేర్లను మాత్రమే ఆధారముగా గైకొని పంపని పూర్వులను కర్ణాటక దేశస్థులుగా నిరూపింపబూనుట, వేంగిమండలము, కమ్మనాడు అను స్పష్టమైన దేశనిర్దేశములను విస్మరించుటయే అగును. గ్రామనామము ఎన్నిచోట్లనైనను ఉండవచ్చును. దానికి ముందున్న నాటిపేరే దానిని ఒక్కచోట నిలుపును.

జన్మకాలము, విద్య

పంపడు దుందుభి సంవత్సరమున జన్మించినట్లు ఆదిపురాణమువలన తెలియుచున్నది. ఆ గ్రంథము శకవర్షము 863, ప్లవ సంవత్సరమున, అనగా క్రీ.శ. 941లో పూర్తియైనది. దానికి ముందు వచ్చిన దుందుభి క్రీ.శ. 902. అప్పటికి కవికి ముప్పదితొమ్మిది ఏండ్లు. అంతకుముందటి దుందుభిని గ్రహించినచో కవికి దాదాపు నూరేండ్ల వయస్సు చెప్పవలసివచ్చును. అది పొసగదు. కావున జన్మవర్షము నిర్వివాదమైనది.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. పంపడు తాను పుట్టిన సంవత్సరమును చెప్పినాడు. తన మేనిచాయ శ్యామలమనియు, తన వెండ్రుకలు మెత్తనివి, వంకులు తిరిగినవి అనియు, దేహము నడితరమైనదనియు వర్ణించుకొన్నాడు. పూర్వుల అగ్రహారములను పేర్కొన్నాడు. ఇన్ని చెప్పినవాడు తాను పుట్టిన ఊరిని చెప్పలేదు. ఆనాటి గ్రంథకర్తలకు వంశము, గోత్రము, గురువు, పోషకుడు అను నాలుగును ముఖ్యములు. ప్రసవము జరిగిన ఊరు వ్యక్తిపరిచయమున భాగము కాదు. నేటి జననధ్రువపత్రమునందలి గడులతో పదియవ శతాబ్ది వ్యక్తిని వెదకుటవలన, అతడు చెప్పని దానిని అతడు చెప్పినవానినుండి పిండవలసి వచ్చుచున్నది.

పంపని గురువు దేవేంద్రముని. జైనాగమములతోపాటు సంస్కృత కావ్యములయందును, వ్యాసభారతమునందును అతనికి గల పరిచయము గ్రంథములలో అడుగడుగున వ్యక్తమగును. బనవాసి సీమపై అతనికి అపారమైన మమకారము. విక్రమార్జునవిజయమునందలి బనవాసి వర్ణన కన్నడులందరికిని కంఠస్థమైన ఘట్టము. ఆ మమకారమును బట్టి అతని బాల్యయౌవనములు ఆ సీమలో గడచినవని ఊహించుట సహజము. ఆ ఊహ జన్మస్థలవాదముగా మారుట మాత్రము సహేతుకము కాదు.

వేములవాడ ఆస్థానము

పంపడు జీవితమున స్థిరపడినది వేములవాడ చాళుక్యుల ఆస్థానమున. ఈ వంశము రాష్ట్రకూటులకు సామంతవంశము. వినయాదిత్య యుద్ధమల్లునితో మొదలైన ఈ వంశమున నలువదిరెండు యుద్ధములు గెలిచినవాడుగా ప్రసిద్ధికెక్కిన బద్దెగుడు, ఉత్తరదేశమున ప్రతీహార మహీపాలునిపై జరిగిన దండయాత్రలో పాల్గొన్న రెండవ నరసింహుడు మున్నగు వీరులు పుట్టినారు. నరసింహుని కుమారుడు రెండవ అరికేసరి. రాష్ట్రకూట నాలుగవ గోవిందుని దుష్పరిపాలనపై సామంతులు తిరుగుబాటు చేసినపుడు అరికేసరి వారిలో ముఖ్యుడు. శరణుజొచ్చిన విజయాదిత్యుని గోవిందునికి అప్పగింపక కాపాడినవాడు. గోవిందుని పదవీచ్యుతికిని, బద్దెగ అమోఘవర్షుని పట్టాభిషేకమునకును తోడ్పడినవాడు. ఈ చారిత్రకాంశములకు విక్రమార్జునవిజయము ముఖ్యమైన ఆధారము.

ఆదిపురాణము ప్రథమ తీర్థంకరుడైన ఋషభనాథుని చరిత్ర, అతని కుమారులైన భరత బాహుబలుల కథ. ఇది మూడు నెలలలోను, భారతము ఆరు నెలలలోను ముగిసినట్లు కవి చెప్పుకొన్నాడు. విక్రమార్జునవిజయమున అరికేసరిని అర్జునునితో అభేదముగా వర్ణించినాడు. ద్రౌపదిని అర్జునునికి మాత్రమే భార్యగా చేసినాడు. గ్రంథాంతమున అర్జునునికే పట్టము కట్టినాడు. పోషకునికై కథను మార్చినను, కర్ణుని పాత్రచిత్రణలో అతడు చూపిన ఔదార్యము పోషకప్రశంసను మించినది. అతనికి కవితాగుణార్ణవుడని బిరుదు. గుణార్ణవుడు అరికేసరి బిరుదము. కవిబిరుదము రాజబిరుదమునకు అనుగుణముగా ఏర్పడుట వారిద్దరి అనుబంధమునకు గురుతు.

తాను పులిగెరె ప్రాంతపు కన్నడమున రచించినట్లు పంపడు తెలిపినాడు. ఇది భాషను గూర్చిన మాట. దీనిని బట్టి అరికేసరి రాజ్యమును పులిగెరె పరిసరములలో వెదకినవారు పూర్వము ఉండిరి. శాసనములు లభించిన తరువాత అరికేసరి వంశమునకు రాజధాని వేములవాడ అని స్థిరపడినది. దానికే లెంబుళపాటకము అని నామాంతరము. కవి వాడిన భాషను బట్టి అతడు నివసించిన దేశమును నిర్ణయించుట ఎంతటి ప్రమాదమో ఈ ఉదంతము తెలుపును.

ధర్మవురము

భారతరచనకు మెచ్చి అరికేసరి పంపనికి బచ్చె వేయి అను నాటిలోని ధర్మపురమును అగ్రహారముగా ఇచ్చినాడు. జినవల్లభుని శాసనమున ఇదే గ్రామము ధర్మవురము అను రూపమున కనబడును. ఈ ప్రాంతమున ధర్మ శబ్దముతో ప్రసిద్ధమైన ఊరు జగిత్యాలకు ఉత్తరమున గోదావరి తీరమందున్న ధర్మపురి. అచటి నృసింహక్షేత్రము తెలుగువారందరికిని సుపరిచితము. పేరు చూచినవెంటనే పంపని అగ్రహారము ఈ ధర్మపురియే అని తోచుట సహజము.

అయినను శాసనము అందుకు తావీయదు. ధర్మవురము సబ్బినాడు నడుమ ఉన్నదనియు, ఆ ఊరికి ఉత్తరదిక్కున వృషభగిరి ఉన్నదనియు జినవల్లభుడు స్పష్టముగా నిర్దేశించినాడు. వృషభగిరి అనగా శాసనమున్న బొమ్మలగుట్టయే. కొండ ఊరికి ఉత్తరమున ఉండవలెనన్నచో ఊరు కొండకు దక్షిణమున ఉండవలెను. గోదావరీ తీరపు ధర్మపురి బొమ్మలగుట్టకు ఉత్తరమున, జగిత్యాలకును ఆవల ఉన్నది. కావున శాసనములోని ధర్మవురము కురిక్యాల పరిసరములలోని గ్రామమే గాని ధర్మపురి కాదు. సబ్బినాడు కరీంనగర ప్రాంతమునకు ప్రాచీననామము. అనంతరకాలమున కాకతీయ రెండవ బేతరాజు పశ్చిమ చాళుక్యుల నుండి పొందిన సబ్బి వేయి ఇదియే. పేరులోని పోలికకంటె దిక్కును తెలుపు మాట బలవత్తరమైన ప్రమాణము.

జినవల్లభుని శాసనము

బొమ్మలగుట్టపై రాతిగోడకు చక్రేశ్వరి, తీర్థంకరుల మూర్తులు చెక్కబడి ఉన్నవి. వానిక్రింద శాసనము. చక్రేశ్వరిని, ఆద్యంత జినబింబములను చేయించుట, త్రిభువనతిలకమను బసదిని, కవితాగుణార్ణవమను తటాకమును, మదనవిలాసమను తోటను నిర్మించుట అందు ప్రస్తావింపబడినవి. చెరువునకు అన్న బిరుదును పెట్టుట జినవల్లభుని భ్రాతృభక్తికి చిహ్నము. శాసనములోని మూడు తెలుగు కందములు క్రీ.శ. 945 ప్రాంతమునాటివి. అనగా రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయ భారతరచన చేయుటకు దాదాపు నూరేండ్లు ముందటివి.

అన్న కన్నడమున మహాకావ్యములు రచించగా తమ్ముడు మూడు భాషలలో శాసనము వేయించుట ఆ ఇంటి పరిస్థితిని చక్కగా తెలుపుచున్నది. తండ్రివైపు తెలుగుదేశము, తల్లివైపు కన్నడదేశము, ధర్మమునకును శాస్త్రమునకును సంస్కృతము. పంపని తెలుగువాడనుటయు, కన్నడవాడనుటయు నేటి సరిహద్దులను పదియవ శతాబ్దికి ఆరోపించుటయే. ఆ ఇంటిలో రెండు భాషలకు తావు ఉండెననుట శాసనము బలపరచు మాట.

జన్మస్థల వాదములు

ఇంతవరకు తేలిన విషయములను దృష్టియందుంచుకొని జన్మస్థలవాదములను పరిశీలింపవచ్చును.

వంగిపర్రు వాదమునకు ఆధారము కావ్యమును, శాసనమును. రెండును వంశమూలమును చెప్పుచున్నవి. జినవల్లభుడు తాను వంగిపర్రు వాడనని చెప్పుకొన్నది సబ్బినాటి కొండపై. అంటే నివాసము మారినను మూలగ్రామము పేరు వంశమును విడువలేదన్నమాట. తెలుగువారి ఇంటిపేర్లలో ఈ సంప్రదాయము నేటికిని సజీవముగా ఉన్నది. కోరుట్ల, సిరిసిల్ల వంటి ఊళ్ళపేర్లు ఇంటిపేర్లుగా గల కుటుంబములు ఆయా ఊళ్ళలోనే నివసింపవలెనని నియమము లేదు. ఊరిలో ఉన్నంతకాలము ఆ ఊరిపేరుతో ఎవరిని వేరుగా గుర్తింపనక్కరలేదు. ఊరు విడిచిన తరువాతనే అది ఇంటిపేరగును. కావున వంగిపర్రు అను మాట పంపని పూర్వుల జన్మభూమిని నిశ్చయముగా చెప్పును. పంపని జన్మభూమిని చెప్పదు.

అణ్ణిగెరె వాదమునకు ఆధారము తల్లి అబ్బణబ్బె పుట్టినింటి ప్రసక్తి. ఆడపడుచు తొలికాన్పునకు పుట్టినింటికి పోవు ఆచారము దక్షిణదేశమున బహుళప్రచారము గలది. ఆ ఆచారమును బట్టి జినవల్లభునికి అన్న అయిన పంపడు మాతామహస్థానమున జన్మించినాడని ఊహింపవచ్చును. మూడు వాదములలో ఇది అధికముగా సంభావ్యమైనది. అయినను ఇది ఆచారముపై నిలిచిన ఊహయే. శాసనము అణ్ణిగెరెను జోయిస సింఘని ఊరిగా పేర్కొన్నది. సింఘడు అబ్బణబ్బెకు తండ్రి కాడు, తాత. తాత ఊరినుండి తల్లి ఊరికి, తల్లి ఊరినుండి కుమారుని జన్మస్థలమునకు పోవుటకు రెండు మెట్లు ఎక్కవలెను. ఆ రెండు మెట్లను శాసనము కట్టలేదు. అణ్ణిగెరె జన్మస్థలమని సందేహరహితముగా వ్రాయు గ్రంథములు ఊహను సాక్ష్యముగా చూపుచున్నవి.

బనవాసి వాదమునకు కవి మమకారమే ఆధారము. మమకారము పుట్టినచోటనే కాక, పెరిగినచోటను, చదివినచోటను, యౌవనము గడపినచోటను ఏర్పడవచ్చును. ఆ సీమతో పంపనికి గాఢపరిచయము కలదనుట వరకే ఆ వర్ణన సాక్ష్యము.

ఈ విధముగా వంగిపర్రు పూర్వుల ఊరు. అణ్ణిగెరె మాతృవంశపు ఊరు. బనవాసి మనసుకు నచ్చిన సీమ. పులిగెరె భాషకు ప్రమాణమైన ప్రాంతము. వేములవాడ కొలువు చేసిన నగరము. ధర్మవురము దానముగా పొందిన గ్రామము. ఆరు ఊళ్ళు, ఆరు సంబంధములు. వీనిలో ఏదియు మరొకదానితో పోటీపడునది కాదు. పోటీ కల్పించినది పరిశోధకుల ప్రశ్నయే.

సామ్యములు

ఇట్టి సందిగ్ధత పంపనికి మాత్రమే పరిమితము కాదు. సోమదేవసూరి తన యశస్తిలకమును క్రీ.శ. 959లో గంగాధర అను చోట, అరికేసరి కుమారుడైన వాగరాజు ఏలుబడిలో పూర్తిచేసినాడు. ఈ గంగాధరను ధార్వాడ ప్రాంతమున వెదకినవారు ఉండిరి. వేములవాడకు సమీపముననే, బొమ్మలగుట్ట ఉన్న మండలమునకు కేంద్రమైన గంగాధర కలదు. క్రీ.శ. 966 నాటి పర్భణీ తామ్రశాసనము మూడవ అరికేసరి లెంబుళపాటకమునందలి శుభధామ జినాలయము నిమిత్తము సోమదేవునికి గ్రామదానము చేసినట్లు చెప్పుచున్నది. పోషకుని రాజధాని స్థిరపడిన పిమ్మట గ్రంథరచనాస్థలమును దూరమున వెదకుటకు కారణము లేదు.

వేములవాడ భీమకవి విషయమున చిక్కు ఇంతకంటె జటిలమైనది. సిరిసిల్ల సమీపమున ఒక వేములవాడ, గోదావరి మండలమున దాక్షారామ ప్రాంతమున మరొక వేములవాడ ఉన్నవి. రెండుచోట్లను భీమేశ్వరాలయములు ఉన్నవి. భీమకవి గూర్చి సమకాలీన శాసనము లేదు. చాటువులును, ఐతిహ్యములును మాత్రమే ఉన్నవి. పంపనికి తమ్ముని శాసనము చేసిన మేలు ఎంతటిదో భీమకవితో పోల్చినపుడు తెలియును.

ఫలితము

పంపని జన్మస్థలమును గూర్చి నిశ్చయముగా చెప్పదగిన దానిని, చెప్పదగని దానిని వేరుచేయుటయే ఈ విచారమునకు ఫలితము. అతడు క్రీ.శ. 902లో జన్మించినాడు. తండ్రివైపున వేంగి కమ్మనాటి వంగిపర్రు వంశమువాడు. తల్లివైపున బెళ్వొల అణ్ణిగెరెతో సంబంధము గలవాడు. వేములవాడలో కీర్తి గడించి, సబ్బినాటిలో అగ్రహారము పొందినాడు. ఇవి సిద్ధాంతములు. అణ్ణిగెరెలో జన్మించియుండవచ్చుననుట సంభావన. ఆ సంభావనకు మించి ఒక్క అడుగు ముందుకు వేయుటకు ప్రస్తుత సామగ్రి అనుమతింపదు. నిఘంటువులును, పాఠ్యగ్రంథములును జన్మస్థలము అను గడిలో ఒకే ఊరిపేరును నింపుటకంటె, వంశమూలము, మాతృస్థానము, కర్మస్థానము అని మూడు గడులు చేసి నింపుట శాస్త్రీయము.

ఈ పద్ధతి మహాకవులకే గాక సామాన్య కుటుంబముల చరిత్రకును వర్తించును. సిరిసిల్ల నుండి భివండికి, షోలాపురమునకు, సూరతుకు వలసపోయిన నేత కుటుంబములలో, ఒకే వ్యక్తికి ఒక పత్రమున పుట్టిన నగరము, మరొకదానిలో స్వగ్రామము, వేరొకదానిలో తల్లి పుట్టినిల్లు జన్మస్థలముగా నమోదగుటకు వీలున్నది. ఊరు కదలకున్నను దానిపై పాలనా విభాగములు మారుచుండును. ఎలగందుల జిల్లా 1905లో కరీంనగరము జిల్లా అయినది. 1985లో తాలూకాల స్థానమున మండలములు వచ్చినవి. 2016లో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. కోరుట్లలో పుట్టిన తాతకును, అదే ఇంట పుట్టిన మనుమనికిని జిల్లాపేరు వేరుగా ఉండుట దోషము కాదు. ప్రతి పత్రమును అది ఎప్పుడు, ఎవరిచేత, ఏ ప్రయోజనమునకై వ్రాయబడినదో విచారించి గ్రహించినచో పరస్పరవిరుద్ధముగా తోచినవి పరస్పరపూరకములగును.

పంపని విషయమున అట్టి విచారమునకు వీలు కల్పించినది ఒక కొండరాయి. జినవల్లభుడు అన్నపై ప్రేమతో తల్లిపేరును, తాతపేరును, గోత్రమును, గ్రామమును, దిక్కును రాతిపై చెక్కింపకున్నచో పంపని మాతృవంశము మరుగున పడియుండెడిది. ధర్మవురము ధర్మపురిగానే నిలిచియుండెడిది. కరీంనగర ప్రాంతపు గుట్టలు గ్రానైటు కొరకు తొలచబడుచున్న ఈ కాలమున బొమ్మలగుట్ట పరిరక్షణ రెండు భాషల సాహిత్యచరిత్రలకును సంబంధించిన బాధ్యత. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల కళాశాలలలోని భాషాధ్యాపకులు తమ విద్యార్థులను ఆ శిల ముందు నిలిపి, మూడు భాషల పంక్తులను స్వయముగా చదివించుట, ఆదికవి వంశచరిత్రను బోధించుటకు ఉత్తమమైన మార్గము.